సర్కారు బడి – నాయకత్వము, సంప్రదాయము

మన దేశములో 'పబ్లిక్ స్కూలు' అను మాటకు పట్టిన గతి విచిత్రమైనది. ఆ పేరు గల బోర్డు ఏ వీధిలో కనబడినను, అది సామాన్య జనులు తమ బిడ్డలను చేర్పింపజాలని చోటు అని మనకు వెంటనే తెలిసిపోవును. ఇంగ్లండు దేశమున సంపన్నుల బిడ్డలు చదువుకొను బడులకు ఆ పేరు ఉండుటచే, ఆ ఒరవడిని దిద్దుకొన్న మన బడులకును అదే పేరు వచ్చినది. హైదరాబాదు పబ్లిక్ స్కూలు 1923లో జాగీర్దారుల బిడ్డల కొరకు పుట్టినది. జాగీర్లు రద్దయిన పిదప దాని పేరు మారినది, ఇతరుల బిడ్డలకును దాని తలుపులు తెరచుకొన్నవి. నిజముగా ప్రజల సొమ్ముతో, ప్రజల బిడ్డల కొరకు నడచు బడులకు మాత్రము ఆ పేరు లేదు. వాని బోర్డులపై జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనియో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనియో ఉండును. పెద్దవారు కొందరు ఇప్పటికిని 'బోర్డు హైస్కూలు' అందురు. 1959 నాటి చట్టముతో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చినను, ఆ మాట మాత్రము ఊళ్లలో పోలేదు. నేడు మేము ముచ్చటింపబూనినది ఈ బోర్డు హైస్కూళ్లను గూర్చియే.

నాయకత్వము, సంస్కృతి అను రెండు మాటలు విద్యాశాఖవారి శిక్షణ తరగతులలో తరచుగా వినబడుచున్నవి. వినినకొలది అవి బరువెక్కుచున్నవి. బరువు తగ్గించి చెప్పుకొనినచో, బడి సంస్కృతి అనగా వార్షికోత్సవమునాడు వేదికపై జరుగు కోలాటము కాదు. ఉపాధ్యాయుడు సెలవులో ఉన్న తరగతిలో పిల్లలు ఏమి చేయుచుందురు? ఆలస్యముగా వచ్చిన పిల్లవానిని గేటు వద్ద ఎవరు, ఏమని పలుకరింతురు? మరుగుదొడ్డికి తాళము ఉన్నదా? ఉన్నచో ఆ తాళము తీయునది ఉపాధ్యాయుల కొరకా, ఆడపిల్లల కొరకా? క్రొత్తగా ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు పక్షము దినములలో పెద్దపిల్లల వద్ద ఏ మాటలు నేర్చుకొనును? వీనికి వచ్చు జవాబుల మొత్తమే ఆ బడి సంస్కృతి. ఆ జవాబులను మార్చగలవాడు నాయకుడు. తాను వెళ్లిపోయిన తరువాత కూడ ఆ మార్పు నిలుచునట్లు చేయగలవాడు ఇంకను గొప్ప నాయకుడు. మొదటి తరగతివారిని మేము మా ఉద్యోగకాలములో చాలమందిని చూచితిమి. రెండవ తరగతివారు బహు కొద్దిమంది.

దీనికి కారణము వ్యక్తులలో కన్న ఏర్పాటులోనే ఎక్కువగా ఉన్నది. ప్రభుత్వపు బడిలో ప్రధానోపాధ్యాయుడు స్థిరముగా ఉండువాడు కాడు. ఒకేచోట ప్రధానోపాధ్యాయునికి ఐదేండ్లు, ఉపాధ్యాయునికి ఎనిమిదేండ్లు నిండినచో బదిలీ తప్పదను నియమము మన రెండు తెలుగు రాష్ట్రములలోను నడచుచు వచ్చినది. నియమము మంచిదే. అది లేనినాడు రోడ్డు ప్రక్క బడులన్నియు పలుకుబడి గలవారి పాలయ్యెను, అడవి అంచు బడులు దిక్కులేనివారి పాలయ్యెను. కాని ఐదేండ్లనగా, ఆరవ తరగతిలో చేరిన పిల్లవాడు పదవ తరగతి ముగించు కాలము మాత్రమే. అందులోను ఏడాదియో రెండేండ్లో మండల విద్యాధికారి పని అదనముగా నెత్తిన పడి, బడికి చుట్టపుచూపుగా వచ్చిపోయిన ప్రధానోపాధ్యాయులు ఎందరో కలరు.

బదిలీ ఉత్తర్వు వచ్చిన పిమ్మట బడిలో చార్జి అప్పగింత జరుగును. ఆ తంతు చూడవలసినదే. అడ్మిషన్ రిజిస్టరు, క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు, సర్వీసు రిజిస్టర్లు. బీరువాలు ఇన్ని, బల్లలు ఇన్ని, విరిగిన బల్లలు ఇన్ని, గ్లోబు ఒకటి, ఇత్తడి గంట ఒకటి, తాళపుచెవులు ఇన్ని. పోవువారును, వచ్చువారును సంతకములు చేయుదురు. గంట ఒకటి అని వ్రాయుదురు గాని, ఆ గంటను ఏ పిల్లవాడు కొట్టుచున్నాడు, ఆ పని అతనికే ఏల ఇయ్యబడినది అను సంగతి వ్రాయరు. వ్రాయుటకు ఆ పట్టికలో గడి లేదు.

మేము ఉద్యోగములో చేరిన క్రొత్తలో, అనగా ముప్పదియైదేండ్లకు పైమాట, ఒక మెట్టప్రాంతపు గ్రామములోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పని చేసితిమి. అక్కడి ప్రధానోపాధ్యాయులు లెక్కల మేష్టారు. గట్టిగా మాట్లాడి ఎరుగరు. ఆయన వచ్చునప్పటికి బడి గ్రంథాలయమనగా, హెడ్మాస్టరు గదిలో గోడకు చేరవేసిన ఒక కొయ్య బీరువా. అందులో రమారమి 300 పుస్తకములు. ఆయన వచ్చిన మొదటి మాసములోనే ఆ బీరువాను నలుగురు పెద్దపిల్లలచేత వరండాలోనికి మోయించి, తాళపుచెవిని ఏడవ తరగతి చదువు ఒక బాలిక చేతిలో పెట్టిరి. ఆమె తండ్రి పాలేరు. ఆమె వెనుక బల్లపై కూర్చుండునది. తెలుగు కూడ తడబడుచు చదువునది. మా సహోపాధ్యాయులొకరు, ఈ పని తొమ్మిదవ తరగతిలో మొదటి మార్కుల పిల్లవానికి ఇచ్చిన బాగుండునని సలహా చెప్పిరి. "ఆ పిల్లవాడు తాళపుచెవి లేకున్నను చదువును గదండీ" అని ఆయన జవాబు.

ఆ బాలిక ఒక రూళ్ల నోటుపుస్తకములో పుస్తకము పేరు, తీసికొన్నవారి పేరు, తేదీ వ్రాయుచుండెను. మొదట రెండు మూడు నెలలు ఆ వ్రాత చూచి నవ్వనివారు లేరు. సంవత్సరాంతమున లెక్క చూడగా పదునొకండు పుస్తకములు లేవు. ప్రధానోపాధ్యాయులు వాని వెలను తమ జీతములో నుండి చెల్లించి, ఆ రసీదును బీరువా తలుపు లోపలివైపున అంటించిరి. ఎవరిని ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు పోయినవి మూడు.

ఆయనకు బదిలీ అయినది. తరువాత వచ్చినవారు దుర్జనులు కారు, చాల భయస్థులు. అంతకు ముందు పని చేసిన చోట ఆడిట్‌వారు ఏదో సామాను తక్కువ వచ్చినదని చూపగా, ఆ వెల ఆయన జీతములో కోతపడినదట. బీరువా తిరిగి గదిలోనికి పోయినది, తాళపుచెవి సొరుగులోనికి పోయినది. అప్పుడు మేము ఆ బడిలో తొమ్మండుగురము ఉపాధ్యాయులము. ఒక్కరమును నోరు మెదపలేదు. బీరువా సంగతి హెడ్మాస్టరుగారిది గదా అని మాకు మేము చెప్పుకొన్న సమాధానము. ఆ బాలిక రెండు మూడు దినములు మధ్యాహ్నపు విరామములో నోటుపుస్తకము పట్టుకొని వరండాలో నిలుచుండెను. నాలుగవ దినమున రాలేదు. రెండేండ్ల తరువాత తనిఖీ కొరకు బీరువా తెరచినపుడు క్రింది రెండు అరలు చెదల పాలై యుండెను. పుస్తకములు పోయినవను మాట మాత్రము రిజిస్టరులో రాలేదు. చెదలు తిన్నవానిని పనికిరానివిగా కొట్టివేయుటకు నిబంధనలు ఒప్పుకొనును. పిల్లవాడు తీసికొనిపోయిన పుస్తకమునకు అట్టి నిబంధన లేదు.

అయితే అదే పెద్దమనిషి అదే బడిలో పెట్టిన మరియొక అలవాటు నిలిచినది. ప్రహరీ వెంట వేప, కానుగ మొక్కలు నాటించి, ఆరవ తరగతిలో చేరిన ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క మొక్క అప్పగించిరి. పదవ తరగతి పిల్లలు వీడ్కోలు దినమున తమ చెట్టును క్రొత్త జట్టునకు చూపి, దాని పేరు చెప్పి పోవలెను. చెట్లకు పేర్లు కూడ పిల్లలే పెట్టిరి. ఆ పేర్లు కొన్ని ఈ ప్రసంగమున చెప్పదగినవి కావు. మాకు తెలిసి ముగ్గురు ప్రధానోపాధ్యాయులు మారినను ఆ ఆచారము మారలేదు. దానికి తాళము లేదు, తాళము వేయదలచువారికి అది కనబడదు. ఉపాధ్యాయులకు బదిలీలు, పిల్లలకు పై చదువులు. ఇరువురును పోవువారే. పిల్లలు పోవునప్పుడు చిన్నవారికి అప్పగించి పోయిరి. మేము ఎవరికిని ఏమియు అప్పగింపక పోయితిమి.

మనిషి పోయినను మాట నిలుచుటకు ఇంకొక నిదర్శనము మన బడులన్నింటను ప్రతి ఉదయము వినబడుచునే యున్నది. పిల్లలు వరుసలలో నిలిచి చేయి చాచి పలుకు ప్రతిజ్ఞను వ్రాసినవారు నల్లగొండ జిల్లావారైన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు. 1962లో ఆయన విశాఖపట్టణమున జిల్లా ఖజానా అధికారిగా ఉండిరి. తెన్నేటి విశ్వనాథముగారి చొరవతో ఆ ప్రతిజ్ఞ నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజుగారి కడకు చేరినది. 1963లో విశాఖలోని ఒక బడిలో మొదట చదివించిరి. 1965 జనవరి 26 నుండి దేశమంతటను చదువవలెనని నిర్ణయమైనది. రచయిత 1988లో గతించిరి. ఆయన పేరు పాఠ్యపుస్తకములలో చాలకాలము వరకు అచ్చుకాలేదు. తరతరముల పిల్లలకు కంఠస్థమైన మాటలు ఎవరు వ్రాసినవో వారి గురువులకే తెలియకుండెను.

కాని నిలుచుట వేరు, బ్రదికియుండుట వేరు. ప్రతిజ్ఞ నిలిచినది ఉత్తర్వు ఉండుటచేత. పలు బడులలో పిల్లలు దానిని ఒక్క ఊపిరిలో పూర్తిచేసి, తరగతి గదిలో నీడ కొరకు పరుగెత్తుట చూచితిమి. ఒక బడిలో మాత్రము ప్రధానోపాధ్యాయిని ఒకరు వారమునకు ఒక వాక్యము తీసికొని, ఒక పిల్లవానినో పిల్లనో దాని అర్థమును ఇంటిమాటలలో చెప్పుమనుచుండిరి. తండా నుండి వచ్చిన ఒక పాప ఒకనాడు లంబాడీలో చెప్పినది. వరుసలలో కొందరు నవ్విరి. ఆ పాపతోపాటు తండా నుండి వచ్చు తక్కిన పిల్లలు నవ్వలేదు. అప్పటివరకు తమ భాషకు బడి గేటు లోపల చోటున్నదని వారికి తెలియదు.

ఈ సందర్భమున గిడుగు రామమూర్తిగారిని తలచుకొనవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలమున ఆయన సవరల భాష నేర్చి, ఆ భాషలో పాఠములు సమకూర్చి, సవర బిడ్డలకు బడులు పెట్టించిరి. ఎవరో ఆజ్ఞాపించి చేయించిన పని కాదది. గ్రాంథికపు ఛాయలో ఈ ప్రసంగము చదువుచున్న మేము వ్యావహారిక భాషా సేనాని పేరెత్తుట చూచి శ్రోతలు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుటకు తగిన కారణమే. మా మనవి ఏమనగా, బడిలో నాయకత్వము కుర్చీని బట్టి రాదు. ఎవరు పిల్లవాని వైపు ఒక అడుగు ముందు వేసెదరో వారికి అది వచ్చును. వారు అటెండరు కావచ్చును, వంటచేయు తల్లి కావచ్చును.

వంట మాట వచ్చినది కనుక అక్కడ కొంతసేపు ఆగెదము. తమిళనాట కామరాజుగారి కాలమునుండి బడిలో అన్నము పెట్టుట ఆరంభమైనను, మనకు వండిన భోజనము బడిబడికి వచ్చినది 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తరువాత, 2003 జనవరి నుండి. అన్నము వచ్చిన దినముననే ఊరిలోని తగవులన్నియు పళ్లెముల వెంట బడిలోనికి నడచి వచ్చినవి. ఎవరు వండినది ఎవరు తినవలెను? ఎవరి ప్రక్క ఎవరు కూర్చుండవలెను? అప్పుడు మేము పని చేయుచున్న బడిలో వంటకు కుదిరినవారు దళితవాడ స్త్రీలు ఇద్దరు. మొదటి వారములో ఇరువదిమంది పిల్లలు ఇంటినుండి క్యారియర్లు తెచ్చుకొని వేపచెట్టు క్రింద వేరుగా కూర్చుండిరి. ఉపాధ్యాయుల సమావేశములో వాదోపవాదములు జరిగినవి. తల్లిదండ్రులను పిలిపించి మందలింపవలెనని కొందరు, చూచి చూడనట్లు ఊరకుండుట మేలని కొందరు.

ప్రధానోపాధ్యాయులు ఏ మాటయు చెప్పలేదు. మరునాడు ఒక స్టీలు పళ్లెము తెచ్చుకొని, పిల్లల వరుసలో నడుమ కూర్చుండి తినిరి. వడ్డింపుకు ముందు ఉపాధ్యాయులు రుచి చూడవలెనని నిబంధన ఉన్నది. చాలచోట్ల అది గరిటెడు పప్పుతో తీరిపోవును. ఆయన కడుపునిండ తినిరి, రెండవసారి సాంబారు అడిగి వేయించుకొనిరి. ఇట్లు ప్రతిదినము. పదునైదు దినములలో వేపచెట్టు క్రింద నలుగురు మిగిలిరి. ఆ నలుగురిలో ఒక పిల్లవాడు ఆ సంవత్సరమంతయు అక్కడనే తినెను. అతనిని ఎవరును ఏమియు అనలేదు. సంఘమునంతను ఒక పళ్లెముతో మార్చితిమని చెప్పుట అసత్యము. ఆ ఊరి దేవాలయములో గాని టీ దుకాణములో గాని ఏమియు మారలేదు. బడి ప్రహరీ లోపల, మధ్యాహ్నము ఒంటిగంట వేళ మారినది. ఆయన బదిలీ అయిన తరువాత ఆ స్టీలు పళ్లెములో ఆ చోటనే కూర్చుండి తినినవారు సైన్సు ఉపాధ్యాయిని. ఆమెను ఎవరును అడుగలేదు.

అలవాటును వ్యక్తికి గాక ఏర్పాటుకే కట్టివేయవచ్చునా అని యత్నించినవారును కలరు. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. 1972లో కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చినవి. గురువులును శిష్యులును ఒకే ఆవరణములో నివసించుట అక్కడి మూలసూత్రము. సాయంకాలము గంట కొట్టిన తరువాత బస్సు పట్టుకొని పోవు గురువునకును, రాత్రి దీపములార్పు వేళ ఒకసారి గదుల వెంట తిరిగి పోవు గురువునకును భేదము పిల్లలకు తెలియును. కేంద్ర మంత్రిగా ఆయనయే 1986 నాటి జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములను దేశమంతటను విస్తరింపజేసిరి. తరువాత ఎస్.ఆర్. శంకరన్‌గారి వంటి అధికారుల పట్టుదలతో సాంఘిక సంక్షేమ గురుకులములు పెరిగినవి. నిజామాబాదు జిల్లా నుండి వచ్చి అట్టి బడిలో చదువుచున్న మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బాలుడు ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు.

గురుకులములను పొగడుట సులభము. అందు చాలవానిలో పిల్లలను పరీక్ష పెట్టి ఏరుకొందురు. ఊరి బడి ఏరుకొనదు. వచ్చినవానిని చేర్చుకొనును, మిగిలినవానిని కూడ చేర్చుకొనును, చేలో పని ముగించుకొని ఆగస్టులో వచ్చినవానిని కూడ చేర్చుకొనును. అక్కడ రాత్రివేళ తిరుగు గురువులు లేరు. ఆ బడి సంస్కృతికి కాపు ఎవరు?

ఊరు. ఈ మాటను చట్టమును ఒప్పుకొన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ పాఠశాలకును యాజమాన్య కమిటీ ఉండవలెననియు, అందు నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావలెననియు, సగము మంది స్త్రీలు కావలెననియు చెప్పుచున్నది. ఆచరణలో పెక్కుచోట్ల మినిట్స్ పుస్తకము అటెండరు చంకలో ఇంటింటికి తిరిగి సంతకములతో తిరిగి వచ్చును; ఏ తీర్మానముపై చేసితిమో సంతకము చేసినవారికి తెలియదు. మేమును అట్లు పుస్తకములను త్రిప్పించిన వారమే.

2013లో, మేము మొదట చెప్పిన ఆ మెట్టప్రాంతపు బడివారు పూర్వపు ఉపాధ్యాయులను ఒక సభకు పిలిచిరి. వేపచెట్లు ప్రహరీ దాటి పెరిగినవి. సభకు ముందు కమిటీ సమావేశము జరుగుచుండగా మేము వరండాలో కూర్చుంటిమి. లోపల ఒక స్త్రీ గొంతు, గ్రంథాలయపు బీరువా ఏల మూసి యున్నదని అడుగుచున్నది. పుస్తకములు పోయినచో ఎవరు జవాబుదారి అని ప్రధానోపాధ్యాయిని అడిగిరి. పోయినవాని వెల కమిటీ భరించును, తాళపుచెవి ఒకటి ఆఫీసులోను మరొకటి ఏడవ తరగతి పిల్లల వద్దను ఉండవలెను అని ఆ స్త్రీ చెప్పి, అటులనే వ్రాయించినది. వ్రాసినదానిని చదివించి వినిన తరువాతనే సంతకము చేసినది.

బయటికి వచ్చినపుడు గుర్తుపట్టితిమి. నాటి బాలికయే. ఆమె కుమార్తె ఇప్పుడు అదే బడిలో ఏడవ తరగతి. "బాగున్నారా సారూ" అని పలుకరించి, ఇంటికి మనిషిని పంపి ఒక రూళ్ల నోటుపుస్తకము తెప్పించినది. నాడు బీరువాకు తాళము పడినపుడు ఆ పుస్తకమును అప్పగింపుమని ఆమెను ఎవరును అడుగలేదట. మొదటి పుటలలో వంకర అక్షరములు. పోనుపోను అవి నిలువుగా సర్దుకొన్నవి. చివరి పుటలో, పుస్తకము తీసికొని తిరిగి ఈయనివారి పేర్లు పదునాలుగు వరుసగా వ్రాసి యున్నవి. వానిలో ఆరవ పేరు మాది.